శిథిలాల దగ్గర ఎవరి మాట వినాలి?
రక్షణ బృందాల సమన్వయం – ఒక చరిత్ర



వంతెన కూలినా, పడవ మునిగినా, భూమి కంపించినా మర్నాటి పత్రికలో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. "సైన్యం, జాతీయ విపత్తు స్పందన దళం, అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, స్థానికులు కలిసి సహాయక చర్యలు చేపట్టారు" అని. మనం ఆ వాక్యం చదివి ముందుకు వెళ్లిపోతాం. ఈ రోజు అందులోని "కలిసి" అనే మాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం. వేర్వేరు చోట్ల శిక్షణ పొందినవాళ్లు, వేర్వేరు అధికారులకు జవాబు చెప్పుకోవలసినవాళ్లు, అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగనివాళ్లు అర్ధరాత్రి ఒక శిథిలాల గుట్ట దగ్గర కలుసుకుంటారు. కొద్దిసేపట్లో వాళ్లంతా ఒక్క జట్టుగా పని మొదలుపెట్టాలి. అది ఎలా సాధ్యమవుతుంది?

ధైర్యం వల్ల అని చాలామంది జవాబు చెబుతారు. ధైర్యానికి ఏ కాలంలోనూ కొరత లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయినప్పుడు, బురదలో దిగి శవాలను మోసినవారిలో సైనికులున్నారు, విద్యార్థులున్నారు, స్వచ్ఛంద సేవకులున్నారు. వారి ధైర్యాన్ని ఎవరూ శంకించలేరు. కాని ఇలాంటి విపత్తుల్లో గాలింపు, రక్షణ పనుల కోసమే శిక్షణ పొందిన జాతీయ దళం ఒక్కటి కూడా అప్పటికి మన దేశంలో లేదు. వచ్చినవారందరినీ ఒక క్రమంలో నడిపించే పద్ధతి ప్రపంచంలోనే అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటోంది. ఆ పద్ధతి ఎక్కడ పుట్టింది, మన దగ్గరకు ఎలా వచ్చింది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ దాని శక్తి చాలలేదు అన్నదే ఈ పాఠం.

అడవి మంటలు నేర్పిన పాఠం

1970 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 13 రోజులపాటు వరుసగా అడవులు తగులబడ్డాయి. 16 మంది మరణించారు. సుమారు 700 కట్టడాలు, 5 లక్షల ఎకరాలకు పైగా భూమి కాలిపోయాయి. ఆర్పడానికి మనుషులు తక్కువై కాదు, యంత్రాలు లేక కాదు. సమాఖ్య ప్రభుత్వ అటవీ శాఖ, రాష్ట్ర శాఖ, జిల్లాలు, పట్టణాలు వేటికవి తమ దళాలను పంపాయి. ఒక దళం రేడియోలో మాట్లాడితే పక్క దళం రేడియోకు వినిపించదు. ఒకే రకం బండిని ఒక్కో శాఖ ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఒక అధికారి కింద ఎంతమంది ఉన్నారో ఆయనకే తెలియదు. ఒక కొండకు రెండు దళాలు వెళ్లడం, పక్క కొండకు ఎవరూ వెళ్లకపోవడం వంటివి జరిగాయి.

ఆ తరువాత ఈ లోపాలను శాస్త్రీయంగా పరిశీలించడానికి 1972లో నిధులు ఇచ్చారు. ఆ కృషి ఫలితమే "సంఘటన స్థల నాయకత్వ పద్ధతి". దాని ముఖ్యాంశాలు వింటే ఇంత మామూలు విషయాలా అనిపిస్తుంది. ప్రతి మనిషికీ ఆదేశం ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి. ఒక నాయకుడి కింద ముగ్గురికి తక్కువ, ఏడుగురికి ఎక్కువ ఉండకూడదు. అయిదుగురైతే మేలు. పదవుల పేర్లు, పరికరాల పేర్లు అందరికీ ఒక్కటే ఉండాలి. రహస్య సంకేతాలు వాడకుండా మామూలు మాటల్లో మాట్లాడాలి. ఘటనా స్థలంలో పదవి అనేది హోదాను బట్టి కాక, చేసే పనిని బట్టి ఉండాలి.

దీని వెనుక చిన్న గణితం ఉంది. 12 బృందాలు ఒక చోటికి వచ్చాయనుకోండి. ప్రతి బృందం మిగిలిన ప్రతి బృందంతోనూ విడివిడిగా మాట్లాడుకోవాలంటే ఎన్ని జతలవుతాయి? 12ను 11తో గుణించి 2తో భాగించండి. 66 వస్తుంది. అందులో ఒక్క జత మాట్లాడుకోవడం మరచిపోయినా ఎక్కడో ఒక చోట పని రెండుసార్లు జరుగుతుంది, లేదా అసలే జరగదు. అదే మధ్యలో ఒక సమన్వయ కేంద్రం ఉంటే 12 సంబంధాలు చాలు. 66కూ 12కూ మధ్య ఉన్న తేడాను శిథిలాల కింద ఉన్న మనిషి గంటల్లో లెక్కపెట్టుకుంటాడు.

మూడు ఈలలు, ఒక ఈల

భూకంపాల విషయంలో ఇదే పాఠాన్ని ప్రపంచం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో భూకంపం వచ్చినప్పుడు సామాన్య యువకులు శిథిలాల సందుల్లోకి పాకుతూ వెళ్లి మనుషులను బయటికి లాగారు. వాళ్లకు "టోపోస్" అనే పేరు వచ్చింది. స్పానిష్ భాషలో టోపో అంటే నేలలో బొరియలు తవ్వుకుని బతికే చిన్న జంతువు. ఈ పేరు గుర్తుంచుకోండి. మన ఢిల్లీ కథలో ఇలాంటి పేరే ఇంకొకటి రాబోతోంది. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలోని స్పితాక్ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో 25 వేల మందికి పైగా చనిపోయారు. అనేక దేశాల నుంచి బృందాలు విమానాల్లో దిగాయి. వచ్చినవారిని ఎక్కడికి పంపాలో, ఏ భవనాన్ని అప్పటికే గాలించారో చెప్పేవారు లేక విలువైన గంటలు గడిచిపోయాయి.

ఈ రెండు అనుభవాల నుంచి 1991లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో అంతర్జాతీయ గాలింపు, రక్షణ సలహా బృందం ఏర్పడింది. ఇంగ్లీషు పేరులోని అక్షరాలను కలిపి దీనిని ఇన్సరాగ్ అంటారు. 2002లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ దీని పద్ధతులను బలపరుస్తూ తీర్మానం చేసింది.

ఇన్సరాగ్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినవి దాని సంకేతాలు. అవి ఏ భాషా రానివాడికి కూడా అర్థమవుతాయి. ఈలతో గాని, హారన్‌తో గాని మూడుసార్లు పొట్టిగా, ఆగకుండా మోగిస్తూ ఉంటే "వెంటనే బయటికి వచ్చేయండి" అని అర్థం. మూడు సెకన్లపాటు ఒక్కటే పొడుగు మోత వినిపిస్తే "పని ఆపండి, నిశ్శబ్దంగా ఉండండి". ఒక పొడుగు, ఒక పొట్టి మోత వస్తే "మళ్లీ పని మొదలుపెట్టండి".

నిశ్శబ్దానికి ఒక ప్రత్యేక సంకేతం ఎందుకు? గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కాంక్రీటులో దాదాపు పది రెట్లు వేగంగా వెళ్తుంది. లోపలి మనిషి వేలితో గోడను గీకినా ఆ కంపనాన్ని పట్టుకోగల పరికరాలు ఉన్నాయి. కాని పక్క సందులో ఒక జనరేటర్ నడుస్తుంటే, జనం కేకలు వేస్తుంటే, ఇంకో బృందం డ్రిల్లు ఆపకపోతే ఆ గీకుడు ఎవరికీ వినిపించదు. అంటే ఒక బృందం వినాలంటే మిగిలిన అన్ని బృందాలూ ఒకేసారి ఆగాలి. ఏ ఒక్కరు ఆగకపోయినా ఎంత ఖరీదైన పరికరమైనా వృథాయే. సమన్వయం అనే పెద్ద మాటకు నేను విద్యార్థులకు ఇచ్చే తేలికైన ఉదాహరణ ఇదే.

గోడల మీద రాతలకూ ఇలాంటి నియమమే ఉంది. గాలించిన భవనం మీద సుమారు మీటరు కొలతలో ఒక పెట్టె గీసి, అందులో బృందం గుర్తు, తేదీ, సమయం రాస్తారు. మనిషి ఉన్నట్టు తెలిసిన చోట ఇంగ్లీషు 'వి' అక్షరం గీస్తారు. దాని కింద బతికి ఉన్నవారికి 'ఎల్', చనిపోయినవారికి 'డి' అక్షరం పెట్టి పక్కన సంఖ్య వేస్తారు. ఒకరిని బయటికి తీశాక ఆ సంఖ్య కొట్టివేసి కొత్త సంఖ్య రాస్తారు. మర్నాడు వేరే దేశపు బృందం వచ్చినా గోడ చూసి పని అందుకుంటుంది. ఎవరినీ నిద్ర లేపి అడగనక్కరలేదు.

భుజ్ నుంచి గాజియాబాద్ దాకా

2001 జనవరి 26 ఉదయం, దేశమంతా గణతంత్ర దినోత్సవంలో ఉండగా, 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతం కంపించింది. తీవ్రత 7.7. అధికారికంగా 13,805 మంది చనిపోయారు. సైన్యం, వైమానిక దళం వెంటనే కదిలాయి. స్విట్జర్లాండ్, బ్రిటన్, రష్యా, టర్కీ వంటి దేశాల నుంచి కూడా బృందాలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి నిపుణులు భుజ్ పట్టణంలో సమన్వయ కేంద్రం పెట్టారు. అయితే ఎంత వేగంగా బయలుదేరినా విదేశీ బృందం చేరేసరికి అమూల్యమైన తొలి గంటలు దాటిపోతాయి. ప్రాణాలతో బయటపడేవారిలో ఎక్కువమందిని ఎక్కడైనా ఇరుగుపొరుగువారే తీస్తారు. ఆ తరువాతి వంతు దగ్గరలో ఉన్న శిక్షణ పొందిన దళానిది. భుజ్ నాటికి మనకు ఆ రెండో మెట్టు లేదు.

1999 ఒడిశా పెను తుఫాను, భుజ్ భూకంపం, 2004 డిసెంబరు 26 సునామీ, ఈ మూడూ కలిసి 2005 విపత్తు నిర్వహణ చట్టానికి దారితీశాయి. ఆ చట్టం కిందనే 2006లో జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్.డి.ఆర్.ఎఫ్. పుట్టింది. సరిహద్దు భద్రతా దళం, కేంద్ర రిజర్వు పోలీసు, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం నుంచి రెండేసి చొప్పున 8 బెటాలియన్లు తీసుకున్నారు. తరువాత అవి 16 అయ్యాయి. ఢిల్లీని ఆనుకుని ఉన్న గాజియాబాద్‌లో 8వ బెటాలియన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ సమీపంలోని కొండపావులూరులో 10వ బెటాలియన్ ఉంది.

ఇక్కడ చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక మలుపు ఉంది. మొదటి ఏడాది రెండేళ్లు ఈ బెటాలియన్లను శాంతిభద్రతల పనులకు కూడా వాడుకున్నారు. ఉదయం లాఠీ పట్టుకుని బందోబస్తుకు వెళ్లినవాడు సాయంత్రం శిథిలాల్లో ప్రాణం వెతకాలంటే రెండూ సగం సగమే అవుతాయి. 2007 అక్టోబరులో ప్రధానమంత్రి సమక్షంలో జరిగిన సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చింది. 2008 ఫిబ్రవరి 14న వెలువడిన నిబంధనలు ఈ దళాన్ని విపత్తు పనికే కేటాయించి, ఒకే డైరెక్టర్ జనరల్ కిందికి తెచ్చాయి. ఆ ఏడాదే బీహార్‌లో కోసి నది గట్టు తెగినప్పుడు దళం లక్ష మందికి పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు చేర్చింది. నా దృష్టిలో 2005 చట్టం ఎంత ముఖ్యమో 2008 నిబంధనలూ అంతే ముఖ్యం.

బెటాలియన్ నిర్మాణం చూడండి. ఒక్కో బెటాలియన్‌లో 18 బృందాలు, బృందానికి 45 మంది చొప్పున ఏర్పాటు చేశారు. ఆ 45 మందిలోనే ఇంజనీరు, ఎలక్ట్రీషియన్, వైద్య సిబ్బంది, జాగిలాలు, వాటిని నడిపేవారు ఉంటారు. అంటే బృందం బయలుదేరేటప్పుడే అన్ని విద్యలూ అందులో ఉన్నాయి. ఘటనా స్థలం చేరాక వైద్యుడి కోసం ఒక శాఖకు, కటింగ్ యంత్రం కోసం ఇంకో శాఖకు ఉత్తరాలు రాయనక్కరలేదు. కాలిఫోర్నియాలో పుట్టిన నాయకత్వ పద్ధతిని కూడా మన పరిపాలనకు తగినట్టు మార్చి, 2010 జూలైలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు విడుదల చేసింది. దాని ప్రకారం జిల్లాలో బాధ్యత కలెక్టరుది, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శిది.

అదే 2010 నవంబరు 15 రాత్రి తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్, లలితా పార్క్ ప్రాంతంలో అయిదంతస్తుల భవనం కూలింది. సుమారు 70 మంది చనిపోయారు. సందులు ఇరుకైనవి కావడంతో పెద్ద యంత్రాలు లోపలికి రావడం కష్టమైంది. పుస్తకంలోని పద్ధతి వేరు, మన బస్తీల వెడల్పు వేరు. ఢిల్లీ పరిసరాల్లో పనిచేసే రక్షకులు ఈ రెండో లెక్కను ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి.

ఇదే దళం తరువాత విదేశాలకూ వెళ్లింది. 2015 నేపాల్ భూకంపంలో విదేశాల నుంచి వెళ్లిన బృందాలు ప్రాణాలతో బయటికి తీసిన 16 మందిలో 11 మందిని తీసింది మనవాళ్లే. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో భూకంపం వచ్చిన మర్నాడే గాజియాబాద్‌లోని హిండన్ వైమానిక స్థావరం నుంచి మొదటి బృందం బయలుదేరింది. నూర్దాగీ అనే ఊళ్లో ఒక శిథిలం దగ్గర జూలీ అనే జాగిలం మొరిగింది. వెంటనే తవ్వలేదు. రోమియో అనే రెండో జాగిలాన్ని విడిగా పంపారు. అదీ అక్కడే మొరిగింది. అప్పుడు తవ్వి ఆరేళ్ల పాపను ప్రాణాలతో తీశారు. ప్రయోగశాలలో ఒక కొలతను రెండోసారి తీసుకుని సరిచూసుకోవడం మీకు తెలుసు. ఇదీ అటువంటిదే. తప్పు చోట తవ్వితే పోయేది అక్కడి గంటలే కాదు, వేరే చోట ఉన్న మనిషి గంటలు కూడా.

సిల్‌క్యారాలో 17 రోజులు

2023 నవంబరు 12, దీపావళి రోజు తెల్లవారుజామున ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సిల్‌క్యారా–బార్‌కోట్ సొరంగం కొంత భాగం కూలింది. 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. వాళ్లకూ బయటికీ మధ్య సుమారు 60 మీటర్ల మందాన రాళ్లు, ఇనుము, మట్టి. అదృష్టవశాత్తు లోపల దాదాపు 2 కిలోమీటర్ల సొరంగం చెక్కుచెదరలేదు. నాలుగు అంగుళాల పైపు ఒకటి మిగిలింది. దాని ద్వారా గాలి, మరమరాలు, డ్రైఫ్రూట్స్ పంపగలిగారు.

మొదటి వారం ఆశ నిరాశల మధ్య నడిచింది. ఢిల్లీ నుంచి వైమానిక దళం హెర్క్యులస్ విమానాల్లో శక్తిమంతమైన ఆగర్ యంత్రాన్ని విడిభాగాలుగా తీసుకువెళ్లి దగ్గరలోని చిన్యాలీసౌడ్‌లో దింపింది. యంత్రం 22 మీటర్ల వరకు వెళ్లాక 17వ తేదీన పెద్ద పగుళ్ల శబ్దం వినిపించింది. పని ఆపేశారు.

అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. ఒక్క దారిని నమ్ముకోకుండా అయిదు దారులు ఎంచుకున్నారు. ఒక్కో దారిని ఒక్కో సంస్థకు అప్పగించారు. సిల్‌క్యారా వైపు నుంచి అడ్డంగా తవ్వడం జాతీయ రహదారుల సంస్థది. కొండ పై నుంచి మనుషులు పట్టేంత నిలువు రంధ్రం సత్లజ్ జల విద్యుత్ నిగమ్‌ది. ఆహారం పంపే చిన్న నిలువు రంధ్రం రైల్ వికాస్ నిగమ్‌ది. బార్‌కోట్ వైపు పనులు ఓ.ఎన్.జి.సి., టెహ్రీ జల విద్యుత్ సంస్థలవి. కొండ మీదికి యంత్రాలు ఎక్కడానికి దారి వేయడం సరిహద్దు రహదారుల సంస్థది. కేంద్ర సంస్థలన్నిటితో సమన్వయానికి జాతీయ రహదారుల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ మహమూద్ అహ్మద్‌ను, రాష్ట్రం తరఫున ఐ.ఎ.ఎస్. అధికారి నీరజ్ ఖైర్వాల్‌ను నియమించారు. అంతర్జాతీయ సొరంగ నిర్మాణ సంఘం అధ్యక్షుడు ఆర్నాల్డ్ డిక్స్ ఆస్ట్రేలియా నుంచి వచ్చారు. ఢిల్లీలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సభ్యుడు, విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ సయ్యద్ అతా హస్నైన్ పత్రికలకు వివరాలు చెప్పేవారు.

ఇలా పంచడంలోని తెలివి గమనించండి. ఒకే కొండను పై నుంచి, పక్క నుంచి తవ్వుతున్నప్పుడు ఒకరి యంత్రం పుట్టించే కంపనం మరొకరి చోట రాళ్లను కదిలించవచ్చు. కాబట్టి ఎవరు ఎప్పుడు తవ్వాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే చోటు ఒక్కటే ఉండాలి. అదే సమయంలో ఒక దారి మూసుకుపోతే మరో దారి అప్పటికే కొంత తయారై ఉండాలి. పోటీలాగా కనబడుతుంది గాని అది పోటీ కాదు.

20వ తేదీన ఆరంగుళాల పైపు లోపలికి చేరింది. వేడి కిచిడీ సీసాల్లో పోసి పంపారు. మర్నాడు కెమెరా ద్వారా 41 మంది ముఖాలు లోకం చూసింది. అడ్డంగా వెళ్లే 800 మిల్లీమీటర్ల పైపు ముందుకు సాగుతుండగా, తుది ఘట్టంలో సుమారు 47 మీటర్ల దగ్గర ఆగర్ బ్లేడ్లు ఇనుప కడ్డీల్లో చిక్కుకుని విరిగిపోయాయి. వాటిని ముక్కలుగా కోసి తీయాలి. హైదరాబాద్ నుంచి ప్లాస్మా కటర్ విమానంలో వచ్చింది.

ఇంకా మిగిలింది దాదాపు 12 మీటర్లు. ఇంత యంత్రశక్తి తరువాత ఆ 12 మీటర్లను చేతులతో తవ్వినవారు ఢిల్లీలోని ఖజూరీ ఖాస్ వంటి బస్తీల నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన 12 మంది కూలీలు. నగరంలో రోడ్డు తవ్వకుండా నేల కింద నీటి పైపులు, మురుగు పైపులు వేసేటప్పుడు ఆ పైపు లోపలే పాకుతూ మట్టి తవ్వడం వాళ్ల వృత్తి. పత్రికలు వాళ్లను ర్యాట్ హోల్ మైనర్లు అన్నాయి, అంటే ఎలుక బొరియలు తవ్వేవాళ్లు. మెక్సికోలో టోపోలు, ఢిల్లీలో ఎలుకలు! మేఘాలయలో ఈ పద్ధతిన బొగ్గు తీయడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. ఒక చోట నిషిద్ధమైన నైపుణ్యమే మరో చోట ప్రాణం పోసింది.

ఒకరు తవ్వడం, ఒకరు మట్టి ఎత్తడం, ఒకరు ట్రాలీలో వెనక్కి తోయడం. వాళ్లు కొంత తవ్వగానే వెనుక నుంచి ఆగర్ యంత్రం పైపును ముందుకు నెట్టేది. 27వ తేదీ సాయంత్రం మొదలుపెట్టి దాదాపు ఒక రోజులోనే పూర్తిచేశారు. ఆపైన పని ఎన్.డి.ఆర్.ఎఫ్.ది. పైపులో చక్రాల స్ట్రెచర్‌ను ఎలా లాగాలో వాళ్లు అప్పటికే, 24వ తేదీనే, సాధన చేసి ఉంచారు. 28వ తేదీ రాత్రి 8 గంటలకు కొంచెం ముందు మొదటి కార్మికుడు బయటికి వచ్చాడు. గంటలోపే 41 మందీ బయట ఉన్నారు.

కూలీలను ఆకాశానికెత్తారు, న్యాయమే. కాని వాళ్లను పిలవాలని ఎవరో ఆలోచించారు. ఇంజనీర్లు, సైనికాధికారులు నిండిన చోట కూలీ మాటకు చోటు దొరికింది. ఆ చోటు లేకపోతే వాళ్ల నైపుణ్యం ఖజూరీ ఖాస్‌లోనే ఉండిపోయేది.

కచ్చులూరు, దోమలపెంట

తెలుగునాట కూడా ఇటువంటిదే చూశాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. వాళ్లను కాపాడింది పడవలేసుకుని వెళ్లిన ఒడ్డు మీది గ్రామస్తులు. ఎన్.డి.ఆర్.ఎఫ్., నౌకాదళం, రాష్ట్ర దళాలు తరువాత వచ్చాయి. ధ్వని తరంగాలతో నీటి అడుగును చూపే సోనార్ సాయంతో, సుమారు 200 అడుగుల లోతున బోటు ఉన్న చోటును గుర్తించారు. కాని చోటు తెలియడం వేరు, పైకి తీయడం వేరు. లంగరు, ఇనుప తాడు, గోదావరి సుడుల మీద అవగాహన ఉన్న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పలుసార్లు విఫలమై, చివరకు అక్టోబరు 22న బోటును ఒడ్డుకు లాగింది. సోనార్ చూపిన చోటు, సత్యం బృందం తాడు, రెండూ ఉంటేనే పని అయింది.

2025 ఫిబ్రవరి 22 మాత్రం మరో రకం అనుభవాన్ని మిగిల్చింది. తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలింది. 8 మంది చిక్కుకున్నారు. సైన్యం, నౌకాదళ కమాండోలు, ఎన్.డి.ఆర్.ఎఫ్., రాష్ట్ర దళం, సింగరేణి గనుల రక్షకులు, హైడ్రా, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, లోహాన్ని కోయడానికి దక్షిణ మధ్య రైల్వే, కేరళ పోలీసుల జాగిలాలు, సిల్‌క్యారాలో పనిచేసిన ర్యాట్ మైనర్లు అందరూ వచ్చారు. సిల్‌క్యారా అనుభవమంతా అక్కడ ఉంది.

ప్రకృతి మాత్రం వేరుగా ఉంది. సిల్‌క్యారాలో శిథిలం వెనుక పొడిగా ఖాళీ సొరంగం ఉంది. పైపుంది, మాట వినిపించింది. దోమలపెంటలో ఊట నీరు ఆగలేదు. బురద, విరిగిన సొరంగ యంత్రపు ఇనుము కలిసి గట్టిపడ్డాయి. నేలలోకి చొచ్చుకుపోయే రాడార్ పంపే రేడియో తరంగాలను తడి బంకమట్టి పీల్చేస్తుంది, ఇనుము తిప్పికొడుతుంది. కాబట్టి పరికరం తెర మీద కనిపించేది మనిషో, ఇనుమో తేల్చడం కష్టం. రావడానికి, పోవడానికి దారి ఒక్కటే. మట్టిని బయటికి మోసే కన్వేయర్ బెల్టు దెబ్బతింటే అందరి పనీ ఆగుతుంది. అటువంటి చోట ఒకేసారి ఎంతమంది లోపల ఉండాలన్నదే సమన్వయంలో పెద్ద ప్రశ్న అవుతుంది. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న మరొకరిది దొరికాయి. ఏప్రిల్‌లో గాలింపు నిలిపివేశారు. ఆరుగురి ఆచూకీ అప్పటికి దొరకలేదు.

ఈ రెండు సొరంగాలనూ పక్కపక్కన పెట్టి ఒకటి గెలుపు, ఒకటి ఓటమి అని మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు. కలిసి పనిచేయడం వల్ల ఉన్న అవకాశం చేజారకుండా ఉంటుంది. లేని అవకాశాన్ని అది సృష్టించలేదు.

రెండు రాష్ట్రాల నడుమ ఒక నగరం

ఇప్పుడు రాజధాని ప్రాంతం సంగతి. 2002 నాటి భూకంప పటం ప్రకారం ఢిల్లీ నాలుగో మండలంలో ఉంది. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున నగరంలోని ధౌలా కువాఁ కేంద్రంగా 4.0 తీవ్రతతో, జూలై 10న హర్యానాలోని ఝజ్జర్ కేంద్రంగా 4.4 తీవ్రతతో భూమి కంపించింది. పెద్ద నష్టం లేదు. కాని పటం చూడండి. ఢిల్లీ సరిహద్దు ఒక వీధి మధ్య నుంచి వెళ్తుంది. ఇటు ఢిల్లీ అగ్నిమాపక శాఖ, అటు ఉత్తరప్రదేశ్‌ది, ఇంకో వైపు హర్యానాది. కలెక్టర్లు వేరు, పోలీసులు వేరు, ఆసుపత్రుల జాబితాలు వేరు. భూకంపానికి ఆ గీత తెలియదు. గాజియాబాద్ బెటాలియన్ ఢిల్లీ వైపు రావాలంటే యమున మీది వంతెనలు నిలిచి ఉండాలి, రోడ్డు ఖాళీగా ఉండాలి. ఆ రోడ్డు ఖాళీ చేయించవలసింది మూడో శాఖ.

అందుకే 2025 జూలై 29 నుంచి ఆగస్టు 1 వరకు "సురక్షా చక్ర" అనే పెద్ద అభ్యాసం జరిపారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, సైన్యం, ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు ఇందులో కలిశాయి. ఢిల్లీలోని 11 జిల్లాలతో కలిపి మొత్తం 18 జిల్లాలు పాల్గొన్నాయి. మొదటి రోజు నిపుణుల చర్చ. రెండో రోజు అధికారులు బల్ల చుట్టూ కూర్చుని, భూకంపం వచ్చిందని అనుకుంటే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ మైదానంలో శిబిరం పెట్టాలో కాగితం మీద నడిపి చూశారు. చివరి రోజు, ఆగస్టు 1న, బళ్లు, స్ట్రెచర్లు, సైరన్లతో అదంతా వీధుల్లోకి వచ్చింది. అంబులెన్సులు, సైనిక వాహనాలు కనిపిస్తే కంగారు పడవద్దని ప్రజలకు ముందుగానే చెప్పారు.